నికెల్ కూర్చున్న చోటు

తొమ్మిదో రోజు

పొద్దున్న లేవగానే గోళ్ళు చూసుకున్నాను. తేనెరంగు ఇంకా నిలిచే ఉంది. పక్కన నిద్రపోతున్న మా ఆయన, రత్నం మావ చెయ్యి తిప్పి చూశాను. అతని గోళ్ళ కొనలు అప్పుడే పాలిపోయాయి. పడవ నడిపే మనిషికి ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది. మందు ఎక్కించుకున్న తొమ్మిదో రోజుకి ఆ మాత్రం మామూలే అనుకుని, మందు తయారుచేసే వలయశాలకి వెళ్ళాను.

నిన్న వడగట్టిన కొత్త ముద్ద ఎండింది. ఇటుకపొడి రంగులో సన్నటి సూదులు. గాలి చొరని అద్దాల పెట్టెలోనే గొట్టానికి ఎత్తి అయస్కాంత త్రాసుకి వేలాడదీశాను. కోబాల్టు కూర్చున్న వలయాన్ని అయస్కాంతం కొద్దిగా తనవైపు లాగుతుంది. ఆ లాగుడు ఎంతుండాలో ఇన్నేళ్ళుగా నా కళ్ళకి అలవాటే. ఇవాళ అంత లేదు.

గొట్టం సరిగ్గా నింపలేదేమోనని మళ్ళీ నింపాను. త్రాసుకి చెమ్మ పట్టిందేమోనని తుడిచాను. మూడోసారి కూడా అంతే. దాదాపు పావు వంతు తక్కువ.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ద్రావణంలో కరెంటు పారే తీరు సరిగ్గా ఉంది. వలయం మూతపడిందని చెప్పే వర్ణపటం గీతలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. వలయం వలయంలాగే ఉంటే లాగుడెందుకు తగ్గినట్టు?

ఈసారి కోబాల్టు ఉప్పుని మావే ఎగువ రేవులో ఒక కొత్త వర్తకుడి దగ్గర కొని తెచ్చాడు. గులాబీరంగు కాస్త వెలిసినట్టుంటే దారిలో తేమ తగిలిందనుకున్నాను. అప్పుడే పరీక్షించి ఉండాల్సింది.

ఇంకో ఆరు రోజుల్లో లంకలో అందరికీ ఈ ముద్దే ఎక్కించాలి. తెల్లజబ్బు మా ఎముకల్లో మూలుగని తినేసింది కాబట్టి మా ఒంట్లో గాలిని మోసేవి ఈ వలయాలే. పదిహేను రోజులకి అవి అరిగిపోతాయి.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. పులుసు బాగుందని మావ రెండోసారి వేయించుకున్నాడు. నాకు రుచే తెలియలేదు.

పదో రోజు

అనుమానం నిజమైంది.

మిగిలిన కోబాల్టు ఉప్పు చిటికెడు నీళ్ళలో కరిగించి, అమ్మోనియా కలిపి, గ్లయాక్సిమ్ పొడి ద్రావణం ఒక్క చుక్క వేశాను. నికెల్ ఉంటే ఆ చుక్క దాన్ని పట్టి చూపిస్తుంది. గాజుగిన్నెలో ఎర్రటి ఉన్ని విచ్చుకున్నట్టు విచ్చుకుంది. ఇంత ఎరుపు నేనెప్పుడూ చూడలేదు.

డాక్టర్ దైవసహాయం గారు ఆసుపత్రి అరుగు మీద సూదులు ఉడకబెడుతున్నారు. లంక మొత్తానికి మందు ఎక్కించేది ఆయనే. సంగతి చెప్పాను. ఆయన ముద్ద ఉన్న సీసాని వెలుతురుకి ఎత్తి చూశారు.

"రంగు బాగానే ఉంది కదమ్మా."

"రంగు ఒకటేనండి. వలయమూ ఒకటే. మధ్యలో కూర్చున్నదే వేరు. నాలుగింట ఒకదాంట్లో నికెల్ కూర్చుంది. కూర్చుంటుంది గానీ పని చెయ్యదు, గాలిని ముట్టుకోదు."

"తీసెయ్యలేవా?"

"ఆ వలయంలో నికెల్ ఒకసారి కూర్చుంటే నా చేతిలో ఉన్న మందులకి లేవదండి."

"అయితే ముప్పావు వంతు మంచిదేగా. ముప్పావు ఊపిరితో ఈ పదిహేను రోజులూ గడిపేద్దాం. పూర్తిగా లేకపోవడం కంటే నయం కదా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు.

"కలిపినవాడు నికెల్ ఒక్కటే కలిపాడని మనకెవరు చెప్పారండీ? ఇది నాకు దొరికింది. దొరకనిది ఏముందో నాకు తెలీదు."

ఎనిమిదేళ్ళ కిందట ఒక ముద్దని రంగు చూసి ఎక్కించారు. అప్పటికి నేను ఇక్కడ చేతికింద పనిచేసేదాన్ని. ఆ వలయాలు సీసాలో బాగానే ఉండి, ఒంట్లోకి వెళ్ళాక రెండేసి కలిసి ఒకే గాలి అణువుని పట్టుకుని వదలడం మానేశాయి. గోళ్ళు నల్లబడి ఇరవైముగ్గురు పోయారు. వాళ్ళలో డాక్టరు గారి భార్య ఉంది. ఆవిడకి ఎక్కించింది ఆయన చెయ్యే.

సీసా నా చేతికిచ్చేసి, "పారబొయ్యి," అన్నారు.

పదకొండో రోజు

బడి పాకలో అందరం కూర్చున్నాం. ఇంకో వలయశాల ఉత్తరాన ఉంది గానీ పడవలో వెళ్ళి రావడానికి నెల పడుతుంది. ఉన్న ఉప్పునే కడిగి, నికెల్ తీసేసి, కొత్త ముద్ద చెయ్యడమొక్కటే దారి అని చెప్పాను. ఎన్నాళ్ళు పడుతుందని అడిగారు. అన్నీ కలిసొస్తే పద్దెనిమిదో రోజు అన్నాను. ఒక్క మోతాదుతో పదహారో రోజు దాటి బతికినవాళ్ళు మా ఎరుకలో లేరు.

మావ లేచి నిలబడ్డాడు. "తెచ్చింది నేనండి. ఆడు సంచి విప్పి సూపిత్తే గులాబీరంగే కదాని తీసుకున్నాను. తప్పు నాదే."

"నువ్వొక్కడివే ఎల్లావేట్రా, మావోడు కూడా నీ పడవలోనే ఉన్నాడు కదా," అంది వెనకనించి పేరంటాలత్త. మావకి పిన్ని వరస. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం రేవు అవతలికి వినిపిస్తుంది. ఆమె కొడుకు సత్తియ్య మావతో కలిసి పడవ నడుపుతాడు. అతను తల దించుకున్నాడు.

"తప్పెవడిదో తరవాత సూసుకుందాం," అంది అత్త. "కదిల్తేనే కదా ఊపిరి ఖర్చు? పడుకుందాం. ఊరంతా పడుకుందాం. వంట లేదు, వేట లేదు, మాటలు కూడా వొద్దు. అలా ఎన్నాళ్ళు ఆగుద్దో సూద్దాం."

డాక్టరు గారు ఆలోచించి, అదే మంచిదన్నారు. పదిహేనో రోజుదాకా ఆగకుండా రేపట్నించే మొదలుపెట్టమన్నారు.

పాత ముద్దలో మూడు సీసాల మందు మిగిలింది. ఒకటి నాకు, చేతులు ఆడాలి కాబట్టి. ఒకటి డాక్టరు గారికి. మూడోది ఇంటింటికీ నీళ్ళూ గంజీ మోసే మనిషికి. సత్తియ్యకి ఇవ్వమన్నారు అందరూ. అతను వద్దన్నాడు.

"మా అమ్మకి ఇవ్వండి."

"నాకెక్కిత్తే బిందె నువ్వు మోత్తావా, నేను మొయ్యాలా?" అంది అత్త. కొందరు నవ్వారు. నవ్వుకి ఊపిరి ఖర్చని గుర్తొచ్చి ఆపేశారు.

నేను చెయ్యి చాపి సూది వేయించుకుంటుంటే మావ చూడకుండా గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు.

పదమూడో రోజు

లంకలో ఇంత నిశ్శబ్దం నేనెరగను. పడవలన్నీ గట్టు మీదే ఉన్నాయి. ఏ ఇంట్లో చూసినా చాపల మీద మనుషులు, పైకప్పు చూస్తూ. పిల్లల్ని తల్లులు పక్కలో గట్టిగా పట్టుకుని పడుకుంటున్నారు. సత్తియ్య కావిడి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

నాకేమో ఒళ్ళంతా బలం. మెట్లు గబగబా ఎక్కేస్తున్నాను. నా గుండె చప్పుడు నాకే ఎక్కువగా అనిపిస్తోంది. ఇంట్లో మావ పక్కన కూర్చున్నప్పుడు ఊపిరి మెల్లగా పీల్చుకుంటున్నాను, అతనికి వినపడకుండా.

పని మాత్రం నత్తనడక. కోబాల్టు నీళ్ళలో గ్లయాక్సిమ్ వెయ్యడం, ఎర్ర ఉన్ని దిగేదాకా ఆగడం, వడగట్టడం, మళ్ళీ వెయ్యడం. చిక్కేమిటంటే, ఆ పొడిని కోబాల్టు కూడా కొంత మింగేస్తుంది. డబ్బా అడుగు కనిపిస్తోంది. వాడేసిన ఎర్ర ఉన్నినే ఆమ్లంలో విరగ్గొట్టి పొడిని వెనక్కి రాబట్టుకుంటున్నాను. ప్రతిసారీ కొంత పోతుంది.

సాయంత్రం మావ అడిగాడు. "ఎర్రగా వత్తందా ఇంకా?"

"తగ్గింది."

"ఎంత..." అని ఊపిరి కోసం ఆగాడు. "ఎంత తగ్గింది?"

"నువ్వు మాట్లాడకు మావా."

కళ్ళు మూసుకున్నాడు. నేను అతని అరికాళ్ళు రుద్దాను. చల్లగా ఉన్నాయి.

పదిహేనో రోజు

చెయ్యకూడని పని చేశాను.

నిన్న సాయంత్రానికి చుక్క వేస్తే ఎరుపు రాలేదు. కోబాల్టు శుభ్రపడింది. శుభ్రమైన లోహాన్ని రెండు భాగాలు చేసి, ఇవాళ తెల్లవారగానే మొదటి భాగంతో వలయం కట్టడానికి కూర్చున్నాను. లోహం మధ్యలో ఉంటే, వలయం అయ్యే రెండు రకాల ముక్కలూ దాని చుట్టూ చేరి కొసలు కలుపుకుంటాయి. అయితే రెండో ముక్కని చుక్క చుక్కగా, ఓపిగ్గా పొయ్యాలి. తొందరపెడితే లోహం చుట్టూ తిరగకుండా ఒకదాన్నొకటి పట్టుకుని తాడులా సాగిపోతాయి.

నేను తొందరపెట్టాను. పోస్తున్నంతసేపూ నా కళ్ళముందు మావ గోళ్ళే. మధ్యాహ్నానికి కుప్పెలో ఇటుకరంగు సూదులకి బదులు నల్లటి బంక మిగిలింది. గరిటె దిగబడి నిలబడిపోయింది.

ఎవరికీ వినపడకుండా అద్దాల పెట్టెకి నుదురు ఆనించి ఏడ్చాను. సత్తియ్య నీళ్ళ బిందెతో వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"పాడైపోయిందా వదినా?"

"సగం పోయింది. ఇంకా సగం లోహం ఉంది. ఆ సగంతో అందరికీ సరిపడా రాదు. తలా అర సీసా వస్తుందేమో."

"అర సీసాతో లేచి కూసోవచ్చాండి?"

"కూర్చోవచ్చు. కొన్నాళ్ళు. ఈలోగా ఆ బంకలోంచి లోహాన్ని వెనక్కి తీసుకుంటాను."

"అయితే సాలండి," అని బిందె దించాడు. "మీరు ఏదైనా తిన్నారా? పొద్దున్నించీ ఇక్కడే ఉన్నారు." నడుముకి కట్టుకున్న మూటలోంచి రెండు అరటిపళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ ఎలా ఉందని అడిగాను. "పడుకోమని ఊరికి సెప్పింది గానీ, తనే ఊరుకోదండి. కనిపించినోళ్ళనల్లా ఎలా ఉన్నారని అడుగుద్ది," అన్నాడు.

పళ్ళు తిని, చేతులు కడుక్కుని, మిగిలిన సగంతో మళ్ళీ కూర్చున్నాను. ఈసారి చుక్కకీ చుక్కకీ మధ్య ఏమీ ఆలోచించకూడదనుకున్నాను. ఆలోచిస్తూనే ఉన్నాను, చెయ్యి మాత్రం తొందరపడలేదు.

పదిహేడో రోజు

సూదులు పడ్డాయి. ఇటుకరంగు, సన్నగా, గాజు గోడకి అంటుకుని.

వడగట్టి ఆరబెట్టి త్రాసుకి వేలాడదీశాను. అయస్కాంతం లాగింది. ఎంత లాగాలో అంతా లాగింది. మూడుసార్లు చూశాను. కొంచెం ముద్దని విరగ్గొట్టి చుక్క వేశాను, ఎరుపు లేదు. వర్ణపటం గీతలు సరిగ్గా ఉన్నాయి.

మిగిలింది ఊపిరి పరీక్ష ఒక్కటే. ద్రావణంలోకి గాలి పంపితే రంగు ముదరాలి. గాలి తీసేస్తే తేటపడాలి. అలా పగలంతా పంపడం, తియ్యడం. ఎనిమిదేళ్ళ కిందటి ముద్ద మధ్యాహ్నందాకా తేటపడుతూనే ఉండి, ఆ తరవాత తేటపడటం మానేసిందని, మనుషులు పోయాక చేసిన పరీక్షలో తెలిసింది. అందుకే ఇది సాయంత్రం దాకా సాగాలి. రేపు పొద్దున్న మొదలుపెట్టాలి.

మావ పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, మాట లేదు.

పద్దెనిమిదో రోజు

సూర్యుడు పైకి రాగానే పరీక్ష మొదలుపెట్టాను. కాసేపటికి డాక్టరు గారు వచ్చారు. ఆయన ఇళ్ళన్నీ తిరిగి వస్తున్నారు. గుమ్మంలో కూలబడ్డట్టు కూర్చున్నారు.

"సీసాలు నింపావా?"

"నింపానండి. సాయంత్రానికి ఇవ్వొచ్చు."

"రత్నం నాడి చూశాను. సాయంత్రం దాకా లాగుతాడు. మిగతావాళ్ళు కూడా లాగుతారనే అనుకుంటున్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పేరంటాలమ్మ సంగతి చెప్పలేను. ఆవిడ ఒక్కదానికీ ఇప్పుడే ఎక్కిద్దామా తాయారమ్మా? నువ్వు ఊఁ అంటే ఇప్పుడే వెళ్తాను."

గాజుగొట్టంలో ద్రావణం ముదిరింది. మీట తిప్పాను. తేటపడింది. అప్పటికి ఎన్నిసార్లయిందో గుర్తు లేదు గానీ, కొద్దిసార్లే.

ఆవిడకి ఇవ్వాలని నా ప్రాణం కొట్టుకుంది. ఆవిడకిస్తే రెండో సీసా ఎవరికో నాకు తెలుసు. మా ఇల్లు ఆ వీధిలోనే ఉంది. ఆయన సీసా పట్టుకుని అటు వెళ్తుంటే, మావకి కూడా ఎక్కించమని అడక్కుండా ఉండేంత గట్టిదాన్ని కాదు. మావకి ఇచ్చాక మిగతావాళ్ళకి ఏ నోటితో ఆగమంటాను? ఊరంతటికీ పరీక్ష చెయ్యని మందు ఎక్కేస్తుంది. పోయిన వారం నేనే కాదా ఒక ముద్దని పారబోయించింది?

"వద్దండి," అన్నాను. "సాయంత్రం దాకా ఆగుదాం."

ఆయన నన్ను చూశారు. మోకాలి మీద చెయ్యి వేసి లేచి, "సరే. నేను ఆవిడ దగ్గర కూర్చుంటాను," అని వెళ్ళారు.

గాలి పంపాను, తీశాను. ముదిరింది, తేటపడింది. మధ్యాహ్నం అయ్యేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఎనిమిదేళ్ళ కిందటి ముద్ద ఆగిపోయిన వేళ దగ్గరపడుతుంటే ప్రతిసారీ ఊపిరి బిగబట్టి చూశాను. తేటపడింది. మళ్ళీ తేటపడింది. ఒకసారి కొంచెం ఆలస్యంగా తేటపడినట్టనిపించి, మీట మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. వెలుతురు మారడం వల్ల అలా కనిపించిందని తరవాత తెలిసింది.

పొద్దు వాలుతుండగా సత్తియ్య నీళ్ళు తెచ్చాడు. బిందె దించి, నా వెనక నిలబడి గొట్టం కేసి చూశాడు.

"ఇంకెంత సేపండి వదినా?"

"చీకటి పడేలోపు అయిపోతుంది. ఇప్పటిదాకా బాగుంది."

"సరేనండి. మీరు కానివ్వండి," అన్నాడు. ఖాళీ బిందె భుజాన పెట్టుకుని వెళ్ళాడు.

సాయంత్రానికి ఆఖరిసారి తేటపడింది. సీసాలు పెట్టెలో సర్దాను. డాక్టరు గారూ సత్తియ్యా గుమ్మంలో ఉన్నారు. సత్తియ్య పెట్టె ఎత్తుకున్నాడు. రేవు వైపునించి మొదలుపెట్టాం. ప్రతి ఇంట్లోనూ డాక్టరు గారు నరం వెతికి ఎక్కించడం, నేను దీపం పట్టుకోవడం. నాలుగు ఇళ్ళు అయ్యాయి. అయిదోది పేరంటాలత్త ఇల్లు. సత్తియ్య ఆగకుండా దాటేశాడు.

"సత్తియ్యా, మీ ఇల్లు..."

"అక్కర్లేదండి."

డాక్టరు గారు నేలచూపులు చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది. సత్తియ్య నాకు నీళ్ళు తెచ్చేటప్పటికే ఆవిడ పోయింది. పోయిందని చెప్తే నా చెయ్యి వణుకుతుందని అతను చెప్పలేదు.

వీధి మధ్యలో నిలబడిపోయాను. సత్తియ్య వెనక్కి తిరిగాడు.

"పరీక్షలో ఏమన్నా తేడా వచ్చిందాండి?"

"రాలేదు."

"అయితే పొద్దున్నే ఇచ్చేసినా సరిపోయేది."

"సరిపోయేది." ఆగలేకపోయాను. "పొద్దున్న డాక్టరు గారు అడిగారు, అత్తకి ఇద్దామా అని. నేనే వద్దన్నాను."

అతను ఏం చేసినా పడాలనుకున్నాను. పెట్టె నేలకేసి కొట్టినా, నన్ను కొట్టినా. అతను పెట్టెని ఇంకో చంకకి మార్చుకున్నాడు.

"పదండి," అన్నాడు. "రత్నమన్నయ్య ఇల్లు తరవాత."

మావ నరం దొరకలేదు. నరాలన్నీ లోపలికి పోయాయి. డాక్టరు గారు రెండుసార్లు పొడిచి తప్పారు. సత్తియ్య పెట్టె దించి, మావ మోచేతిని రెండు చేతులతోనూ బిగించి పట్టుకున్నాడు. "పట్టుకున్నానండి. కానివ్వండి," అన్నాడు. మూడోసారి సూది దిగింది.

కొత్త లెక్క, నాలుగో రోజు

పేరంటాలత్తని మొన్న సాగనంపాం. అర సీసా బలమే అయినా ఊరంతా లేచి నడిచింది. పాడె మోసినవాళ్ళు మధ్యలో మూడుచోట్ల మార్చుకున్నారు. మావ నా భుజం పట్టుకుని గట్టు దాకా వచ్చాడు. మిగతా అందరూ బతికారు.

రెండురోజులుగా నల్లబంకని కాల్చి లోహాన్ని వెనక్కి తీస్తున్నాను. మిగతా సగం మందు దాంతో అవుతుంది. తరవాతి ముద్దకి కొత్త ఉప్పు కావాలి. మావ, సత్తియ్య కాస్త తేరుకోగానే ఎగువకి వెళ్తారు.

ఇవాళ సత్తియ్య వలయశాలకి వచ్చాడు. ఆ రోజు తరవాత మేం మాట్లాడుకోవడం ఇదే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ సుక్క ఎలా వెయ్యాలో నేర్పండి వదినా. సీసాలో పోసి ఇత్తే రేవులోనే సూసుకుని కొంటాం."

లోపలికి రమ్మన్నాను. కల్తీ ఉప్పు చిటికెడు గిన్నెలో కరిగించి, అమ్మోనియా ఎంత పొయ్యాలో చూపించి, గొట్టం అతని చేతికిచ్చాను. చుక్క అతనే వేశాడు. ఎరుపు విచ్చుకుంది. గిన్నెని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత శుభ్రం చేసిన దాంట్లో వేశాడు. ఏమీ రాలేదు.

"ఇలా ఉంటే కొనొచ్చన్నమాట."

"కొనొచ్చు."

గిన్నె బల్ల మీద పెట్టాడు. మూలనున్న ఊపిరి పరీక్ష గొట్టం కేసి చూశాడు.

"అది మంచి ఉప్పని తేలినా, ఇక్కడ మీరు మళ్ళీ సాయంత్రం దాకా సూత్తారు కదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. అతనికి ఏ జవాబు కావాలో నాకు తెలియలేదు.

"చూస్తాను సత్తియ్యా. ప్రతిసారీ."

అతను తల ఊపాడు. చుక్కల సీసా జేబులో పెట్టుకుని, పడకుండా పైన చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"సూడండి," అని వెళ్ళాడు.